అక్కడ బుడిపెలు కనిపిస్తే: ఒంటి తీరా, అంటురోగమా?

బెంగళూరు మారతహళ్లి పీజీలో నా రూమ్మేట్, కదిరి కుర్రాడు, నెల రోజులు సరిగ్గా నిద్రపోలేదు. స్నానం చేస్తుంటే పురుషాంగం ముందుభాగం అంచున తెల్లటి గింజల వరుస కనబడింది. ఎవరికీ చెప్పలేక మెడికల్ షాపులో గజ్జికీ తామరకీ ఇచ్చే ట్యూబ్ కొని పూశాడు. చర్మం మండి ఎర్రబడింది. చివరికి చర్మ డాక్టర్ చూసి, ఇది రోగం కాదు, నీ ఒంటి తీరే అంత అన్నారు. టెన్షన్ అంతా అనవసరంగా పడ్డాడు.

ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు నొప్పిని బట్టి తేల్చుకోవడం. నొప్పి కంటే, అది కొత్తగా వచ్చిందా, పెరుగుతోందా, పుండు పడిందా అన్నది చూడండి.

అంచు చుట్టూ పూసలు గుచ్చినట్టు గింజలు
ఒక్కోటి 1-2 మిల్లీమీటర్లు, అన్నీ ఒకే సైజు, ఒకటి రెండు వరుసలు. వీటిని పర్లీ పాప్యూల్స్ అంటారు. నెలలు గడిచినా మారవు, ఎవరికీ అంటవు. ఆడవాళ్లకు యోని ద్వారం దగ్గర రెండు వైపులా ఒకే తీరుగా మెత్తటి మొనలు ఉండొచ్చు, అవీ ఇలాంటివే. మందు అక్కర్లేదు.

చర్మం సాగదీస్తే కనబడే లేత పసుపు చుక్కలు
ఫోర్డైస్ స్పాట్స్, అంటే చర్మంలో సహజంగా ఉండే నూనె గ్రంథులు. కొందరికి పెదవుల మీదా ఉంటాయి. గిల్లకండి.

షేవింగ్ తర్వాత ఎర్రటి, నొప్పి పొక్కులు
మధ్యలో వెంట్రుక కనబడితే కుదురు వాచినట్టే. షేవింగ్ ఆపి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టండి. చీము, జ్వరం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

రాత్రి తట్టుకోలేని దురద, వేళ్ల సందుల్లోనూ అదే
గజ్జి. పరుపులు, దుప్పట్లు పంచుకునే పీజీల్లో త్వరగా పాకుతుంది. డాక్టర్ రాసిన పర్మెత్రిన్ క్రీమ్ గదిలో అందరూ ఒకే రోజు పూసుకోవాలి. ఒక్కరు పూసుకుంటే మళ్లీ వస్తుంది.

గోబీపువ్వులా గరుకుగా, సంఖ్య పెరుగుతూ
పులిపిర్లు. వీటిలో ఎక్కువ భాగం హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తాయి. కలయిక జరిగిన నెలల తర్వాతా బయటపడొచ్చు. క్రీములు, ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం, కాల్చడం లాంటి చికిత్సలున్నాయి. గింజ మధ్యలో సన్నటి గుంట ఉంటే అది మొలస్కం అనే వేరే వైరస్ కావచ్చు.

గుత్తిగా నీటి పొక్కులు, మంట
హెర్పిస్. పొక్కులు చిట్లి పుండ్లవుతాయి, తగ్గాక మళ్లీ రావచ్చు. అసైక్లోవిర్ లాంటి మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

నొప్పి లేని, గట్టి అంచున్న పుండు
నాకు అన్నిటికంటే భయం దీని గురించే. ఇది సిఫిలిస్ కావచ్చు. కలయిక తర్వాత సుమారు 3 వారాలకు వస్తుంది, 10 నుంచి 90 రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు. మందు వేయకపోయినా 3-6 వారాల్లో పుండు మానిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. కానీ రోగం ఒంట్లోనే ఉండి, ఏళ్ల తర్వాత మెదడునూ గుండెనూ దెబ్బతీయొచ్చు. వీడీఆర్ఎల్ రక్తపరీక్ష చేయిస్తారు. మొదటి రోజుల్లో నెగటివ్ రావచ్చు కాబట్టి డాక్టర్ మళ్లీ చేయించమంటే తప్పక వెళ్లండి. తొలి దశలో ఒక్క విడత బెంజథిన్ పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమవుతుంది. భాగస్వామికీ పరీక్ష, చికిత్స జరగాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.

ఎక్కడికి వెళ్లాలి
శివాజీనగర్ బౌరింగ్, కేఆర్ మార్కెట్ దగ్గరి విక్టోరియా ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి. కన్నడంలోనూ చర్మరోగమే అంటారు, అడగడానికి మొహమాటపడొద్దు. సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్షా క్లినిక్కుల్లో పరీక్ష, మందు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఎప్పుడు మొదలైందో, చివరి కలయిక ఎప్పుడో దాచకుండా చెప్పండి. ముందుగా ఏ ట్యూబూ పూసుకుని వెళ్లొద్దు. స్టెరాయిడ్ ఉన్న క్రీమ్ పడితే మచ్చ రూపమే మారిపోతుంది, చూసే డాక్టర్‌కీ పోల్చుకోవడం కష్టమవుతుంది.