వేట మొదలయ్యే ముందు బోటులో ఇవి చూసుకోండి

తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట ఉండదు. ఆ రెండు నెలల్లో రంగులు, ఇంజన్ పని, వలల బాగు అన్నీ అయిపోతాయి. నీటిమట్టానికి కింద ఉండే పైపుల సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. జూన్ 15న బయలుదేరేసరికి నైరుతి గాలులు వచ్చేసి ఉంటాయి, సముద్రం అలవాటు పడే టైం ఇవ్వదు.

బోటు ఒడ్డున ఉన్నప్పుడే ఇంజన్‌ను చల్లబరిచే నీరు వచ్చే వాల్వును చేత్తో పూర్తిగా మూసి తెరవండి. బిగుసుకుపోయిందా, విప్పించి బాగుచేయించండి. హోసుకు రెండు చివర్లా రెండేసి క్లిప్పులుండాలి. క్లిప్పు పక్కన రబ్బరును వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ హోసు మార్చాల్సిందే. నీటికి మీటరు లోతున రెండంగుళాల కన్నం పడితే నిమిషానికి సుమారు 300 లీటర్లు లోపలికి వస్తాయి. చిన్న పంపు దానికి ఏం సరిపోతుంది? అందుకే మెత్తటి కర్రతో కోసుగా చెక్కిన బిరడా ఒకటి ప్రతి వాల్వు దగ్గరా తాడుతో కట్టి ఉంచాలి. చీకట్లో వెతుక్కునే పని ఉండదు.

పంపు మోటారు తిరిగితే చాలనుకోవద్దు. అడుగున నాలుగు బకెట్ల నీళ్లు పోసి, తోడేస్తోందో లేదో చూడండి. జాలీలో పొలుసులు, వల ముక్కలు ఇరుక్కోవడం మామూలే.

నిలకడ సంగతి ఇంకాస్త ఓపిగ్గా చూడాలి. లోపల చేరిన నీటికి బరువు ఒక్కటే కాదు, పరుగు కూడా ఉంటుంది. బోటు ఎటు వాలితే నీరూ అటే పోయి ఇంకా వంచేస్తుంది. ఐస్ గదిలో కరిగిన నీరు, సగం నిండిన డీజిల్ ట్యాంకు, వదులుగా పోసిన చేపలు అన్నీ ఇదే పని చేస్తాయి. వెడల్పాటి ట్యాంకు మధ్యలో, బోటు పొడవునా నీరు దాటని అడ్డుగోడ ఒకటి పెట్టిస్తే ఆ ప్రభావం నాలుగో వంతుకు తగ్గుతుంది. చేపల గదిలోనూ అడ్డ పలకలు వేయకుండా సరుకు నింపొద్దు.

తడి వలలు, ఐస్ పెట్టెలు డెక్ మీద పోగేస్తే బరువు పైకి చేరుతుంది. వించ్‌తో (వలను లాగే యంత్రంతో) వలను గాల్లోకి ఎత్తారంటే ఆ బరువంతా కప్పీ దగ్గర వేలాడుతున్నట్టే లెక్క, కిందికి దించేదాకా బోటును పక్క కెరటానికి ఇవ్వొద్దు. డెక్ మీది నీరు బయటికి పోయే తూములకు పెట్టెలు అడ్డం పెట్టకండి. గాలి ఆడదని డెక్ మీది మూతలు తెరిచి ఉంచే అలవాటు కెరటాలప్పుడు మానాలి.

ఎప్పుడూ చకచకా ఊగే బోటు ఈసారి మెల్లగా ఊగి, వాలిన వైపే కాస్త ఆగుతుంటే కలాసీలకు హాయిగానే ఉంటుంది. బోటు నడిపే సరంగు మాత్రం వెంటనే కింద చూడాలి: నీరు చేరి ఉంటుంది, లేదంటే పైన బరువు ఎక్కువై ఉంటుంది. అప్పటికప్పుడు డెక్ మీది బరువు కిందికి దించి, నీరు తోడించండి.

లైఫ్ జాకెట్లు క్యాబిన్ అడుగున కాకుండా చేతికందేలా ఉండాలి. పంపు తోడే కంటే వేగంగా నీరు వస్తోందంటే ఇంకో అరగంట చూద్దామనుకోకండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఫోన్ సిగ్నల్ అందనంత దూరంలో ఉంటే బోటులోని వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పిలవండి, ముందు మీరున్న అక్షాంశ రేఖాంశాలు చెప్పండి.