వాచీ బెల్టు ఎంచుకుందాం – 2వ పాఠం: ఉక్కపోతకు ఏ బెల్టు?

పోయిన పాఠంలో స్మార్ట్‌వాచీకి బెల్టు తగిలించే చోట లోపలి వెడల్పు కొలిచాం. చాలామందికి 20 లేదా 22 మిల్లీమీటర్లు, చిన్న వాచీలకు 18 వచ్చి ఉంటుంది. యాపిల్ వాచీకి ఈ లెక్క కుదరదు, దానికి గాడిలోకి జారే బెల్టే కావాలి. ఇవాళ బెల్టు దేనితో చేసిందో చూద్దాం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ తగ్గాక కూడా విజయవాడలో ఉక్కపోత వదలదు. బస్టాండు నుంచి బెంజ్ సర్కిల్ దాకా బండి మీద వెళ్ళొస్తే చాలు, బెల్టు కింద మణికట్టు తడిసిపోతుంది. అందుకే రంగు చూసే ముందు ఒక్క మాట అడగండి: తడిస్తే ఇది ఎంతసేపటికి ఆరుతుంది?

ఇది నేను చర్మం మీద నేర్చుకున్న పాఠం. మొదటి వేసవిలో సిలికాన్ బెల్టు రాత్రీ పగలూ తీయకుండా పెట్టుకున్నాను. పది రోజులకు బకిల్ కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, చుట్టూ సన్నటి పొక్కులు. సిలికాన్ నీళ్ళు పీల్చదు, కాని గాలినీ ఆడనివ్వదు. చెమట, గిన్నెలు తోమేటప్పుడు చేరిన సబ్బు నురగ దాని కింద అలాగే నిలిచిపోతాయి. అయినా పగటిపూటకు నేను సిలికానే చెప్తాను. కుళాయి కింద పట్టి గుడ్డతో తుడిస్తే నిమిషంలో పొడిగా అవుతుంది. వరసగా రంధ్రాలున్నది, లోపలివైపు గాడులు తీసినది అయితే ఇంకా మేలు. డబ్బు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదంటే ఫ్లోరోఎలాస్టోమర్ తీసుకోండి. అదీ రబ్బరు జాతిదే, చెమటకూ నూనెకూ బాగా తట్టుకుంటుంది.

నైలాన్‌కు గాలి ఆడుతుంది, పడుకునేటప్పుడు హాయిగా ఉంటుంది. కాని చెమట పీల్చుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి ఉతక్కపోతే వాసన వస్తుంది, నల్ల బెల్టు మీద ఉప్పు తెల్లగా గీతలు కడుతుంది. తోలు పెళ్ళిళ్ళకు దాచుకోండి, రోజూ చెమటలో నానితే బిరుసెక్కి పగులుతుంది. స్టీలు గట్టిదే, కాని అందులో నికెల్ ఉంటుంది. గిల్టు దిద్దులు పెట్టుకుంటే చెవి తమ్మె దురద పెట్టేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఇక మన్నిక. బీసెంట్ రోడ్డు దుకాణాల్లో బెల్టు చేతికి తీసుకోగానే చాలామంది మధ్యలో పట్టుకుని సాగదీస్తారు. బెల్టు తెగేది ఎక్కువగా అక్కడ కాదు, రోజూ బకిల్ ముల్లు దిగే రంధ్రం దగ్గరా, బెల్టును వాచీకి పట్టి ఉంచే పిన్ను దూరే చివరా. ఆ రంధ్రం అంచు మీద గోరు తిప్పండి. నున్నగా తిరగాలి. ఎక్కడైనా చిన్న గంటు తగిలితే పక్కన పెట్టేయండి, చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. పిన్ను బిగించాక రెండు వైపులా మెల్లగా లాగి చూడండి. ఒక కొస సరిగ్గా కూర్చోకపోతే వాచీ నడిరోడ్డు మీద పడుతుంది.

రంధ్రాల మధ్య ఎడం తక్కువుంటే మంచిది. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మానికి ఆనుకుని ఉంటేనే గుండె లెక్క సరిగా వస్తుంది. నడకకు వెళ్ళేటప్పుడు మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, వాచీ జారనంత బిగువుగా పెట్టుకోండి. ఇంటికి రాగానే ఒక రంధ్రం వదులు చేయండి. ఎడం ఎక్కువున్న బెల్టుతో ఈ సర్దుబాటు కుదరదు. ఒక రంధ్రానికి నొక్కేస్తుంది, ఇంకో రంధ్రానికి గాజులా తిరుగుతుంది.

ఈ వారం పని: ఇప్పుడున్న బెల్టునే మూడు రోజులు రాత్రి తీసి, కడిగి, ఆరాక పెట్టుకోండి. మణికట్టు మీద ఎరుపు ఉందో లేదో రోజూ సాయంత్రం చూసి రాసుకోండి. ఉంటే, అది తగ్గేదాకా వాచీ రెండో చేతికి మార్చండి. వచ్చే పాఠంలో పిన్ను తీసి, కొత్త బెల్టు మనమే బిగించుకుందాం. బట్టల పిన్నీసు ఒకటి దగ్గర పెట్టుకోండి.