దర్వాజ దగ్గర మొదలుపెట్టండి: ఇంటిని, ఇంటివాళ్లను గీసి రాసుకునే పద్ధతి

హైదరాబాదులో కొత్తవారు కలిసినప్పుడు తప్పకుండా అడిగే ప్రశ్న "మీదే ఊరు?" అన్నది. పాతికేళ్లుగా వారాసిగూడలో ఉంటున్నవారు కూడా ఆ ప్రశ్నకు నల్లగొండ అనో రాజోలు అనో జవాబిస్తారు. బతుకమ్మకో సంక్రాంతికో బయలుదేరుతూ "ఇంటికి పోతున్నాం" అంటారు. అలాంటప్పుడు ఏడాది పొడుగునా తాళం తీసి లోపలికి వెళ్లే ఈ చోటును ఏమనాలి? ఈ ప్రశ్న ఊరికే ఆలోచిస్తూ కూర్చుంటే తెగదు. కాగితం మీద ఇంటిని గీసి, గీసిన దాని గురించి రాస్తూ పోతే మాత్రం కొంత తేటపడుతుందని నా అనుభవం.

ముందుగా మీ మనసులో "ఇల్లు" అనగానే మెదిలే ఇంటి నేలపటాన్ని జ్ఞాపకం మీద గీయండి. ఒక ఏ3 డ్రాయింగ్ షీటు, ఒక 2బి పెన్సిలు చాలు. రబ్బరు దగ్గర పెట్టుకోవద్దు. తప్పు పోయినచోట పక్కనే మళ్లీ గీయండి, ఎందుకంటే ఎక్కడ తడబడ్డారో తరువాత రాసేటప్పుడు పనికివస్తుంది. మొదట దర్వాజ గీసి, అది ఏ దిక్కు చూస్తుందో రాసి, అక్కడినుంచి లోపలికి నడుస్తున్నట్లుగా ఒక్కొక్క గదినీ చేర్చండి. కొలతల గురించి బెంగ వద్దు. గోడలకంటే ముఖ్యమైనవి చెప్పులు విడిచే చోటు, దేవుడి గూడు, బియ్యం డబ్బా, రాత్రి ఎవరి చాప ఎక్కడ పరిచేవారు, కరెంటు పోతే అందరూ ఎక్కడ చేరేవారు అన్నవి.

తరువాత అదే ఇంటిని ఇంట్లోని మరొకరిచేత, మీ పటం చూపించకుండా, గీయించండి. నేను అమ్మనూ పెద్దమ్మనూ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, వాళ్లు పుట్టిపెరిగిన గూనపెంకుల ఇంటిని గీయమన్నాను. అమ్మ పటంలో వంటర్ర సగం కాగితాన్ని ఆక్రమించింది. పెద్దమ్మ చేదబావిని గిలకతో సహా గీసి, బావినుంచి వంటర్ర దాకా దారిని చుక్కలు చుక్కలుగా పెట్టింది. ముందర్ర మాత్రం గీయనే లేదు. "ముందర్ర మరిచిపోయినవా పెద్దమ్మా?" అని అడిగితే, తల ఎత్తకుండానే "అండ్ల మేమెప్పుడు కూసున్నం బిడ్డా?" అన్నది. ఆ ఇంటి గురించి అప్పటికి నేను రాసుకున్న ఆరు పేజీలను పక్కన పెట్టి, ఆ గీయని గది నుంచే మళ్లీ మొదలుపెట్టాను. కాబట్టి పెద్దవాళ్ల పటాలను దిద్దవద్దు. రెండు పటాలు ఎక్కడ కలవవో అక్కడ ప్రశ్న అడగండి.

గీయడానికి సొంత ఇల్లే ఉండాలన్న నియమం లేదు. ఈ నగరంలో ఎన్నో కుటుంబాలు అద్దె పోర్షన్లలోనే పిల్లలను పెంచి పెద్దచేశాయి. అలాంటివారు మారిన ప్రతి పోర్షనునూ చిన్న చతురస్రంగా గీసి, ఒక్కొక్కదాని కింద ఆ ఇంటికి మాత్రమే చెందిన ఒక్క విషయం రాయండి: నీళ్లు ఏ వేళకు వచ్చేవి, మేడమీదికి వెళ్లనిచ్చేవారా, ఎందుకు ఖాళీ చేయవలసి వచ్చింది. ఈ చతురస్రాలన్నింటిలోనూ మీ వెంట వచ్చిన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది, పోపుల పెట్టో కుట్టుమిషనో. దాన్ని పెద్దదిగా, సొట్టలతో సహా గీయండి.

ఇక రాత. మొదటి ప్రతిలో ప్రేమ, ఆప్యాయత, అనుబంధం అన్న మాటలు వాడవద్దు. ఎవరు ముందు లేచేవారు, అందరికన్నా చివర ఎవరు తినేవారు, కోపం వస్తే ఎవరు ఎక్కడికి వెళ్లి కూర్చునేవారు అన్నది రాస్తే ఆ మాటల అవసరమే తక్కువగా కనిపిస్తుంది. పెద్దల మాటను వాళ్ల యాసలోనే రాయండి. "అర్ర" అన్నదాన్ని "గది" అని మారిస్తే ఆ మనిషి గొంతు పోతుంది.

వంశవృక్షం గీసేటప్పుడు మరికొంత శ్రద్ధ కావాలి. మన భాషలో కుటుంబం గుర్తుకే ఇంటిపేరు అని పేరు, వాటిలో చాలా పేర్లు ఊళ్ల పేర్లే. అయితే పెళ్లయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారడం మామూలు కాబట్టి, చాలా ఇళ్లలోని వంశవృక్షాల్లో ఆమె కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. ఆమెకు పుట్టిల్లు ఉంది, మెట్టినిల్లు ఉంది. ఈ రెండింటిలో ఆమె దేన్ని "మా ఇల్లు" అంటుందో ఆమెనే అడిగి రాయండి. నా ఉద్దేశంలో ఈ పని మొత్తంలో ఎక్కువ ఓపిక పట్టవలసినది, ఎక్కువ దక్కేది ఇక్కడే. ప్రతి పేరు పక్కన పిల్లలు వారిని ఏమని పిలిచేవారో, బాపు, చిన్నాయన, మేనత్త అని చేర్చండి.

పెద్దవారికి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. 1948 పోలీసు చర్యకు ముందా, 1969 తెలంగాణ ఉద్యమమప్పుడా, 2000 ఆగస్టులో నగరం మునిగినప్పుడా అని అడిగితే తేదీ దానంతటదే దొరుకుతుంది. పాత దస్తావేజులు ఉంటే చూడండి. నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, ఫసలీ (అప్పటి శిస్తు లెక్కల క్యాలెండరు) సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించుగా మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. దస్తావేజులో హద్దులు చెప్పే భాగాన్ని వదలవద్దు: తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ బాట అని రాసి ఉన్న ఆ నాలుగు వరుసల్లో ఒకప్పటి ఇరుగుపొరుగు కనిపిస్తారు. అసలు కాగితం మీద గీయకండి, జిరాక్సు తీయించుకోండి.

ఇలా పోగైనదాన్ని వరుసగా పేర్చడానికి సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటం మంచి నమూనా. ఖాదీ గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, తెల్లమట్టి కలిపి పూసి, ఎర్రటి నేపథ్యం మీద ఒకదాని కింద ఒకటిగా ఘట్టాలు వేస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారివంటి కథకులు ఆ చుట్టను విప్పుతూ ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి కథ చెప్తారు. మీరు గుడ్డకు బదులు మూరెడు వెడల్పు కాగితాన్ని వాడుకోవచ్చు. ఏడెనిమిది ఘట్టాలు చాలు. ప్రతి ఘట్టం కింద నాలుగు వాక్యాలకు మించి రాయవద్దు. మిగిలింది పటం విప్పినప్పుడు నోటితో చెప్పడానికి ఉండాలి.

ఆస్తి పంపకాలు, మాటలు లేని అన్నదమ్ములు, పోయిన బిడ్డ ఈ పటంలోకి రాకుండా ఉండరు. బతికి ఉన్నవారి సంగతి గీసే ముందు వారికి చెప్పండి. వద్దంటే ఆ ఘట్టాన్ని విడి కాగితం మీద మీకోసం మాత్రమే ఉంచుకోండి. ఫోనులో రికార్డు చేస్తున్నప్పుడు కూడా అడిగే చేయండి.

పటం వెనుక తేదీ, ఎవరు చెప్పారు, ఎవరు గీశారు అన్నది రాసి, పాత నూలు చీర ముక్కలో చుట్టి అటక మీద కాక చేతికందే చోట ఉంచండి. లామినేషన్ చేయించవద్దు. పూర్తయిందని నేను పక్కన పెట్టిన రెండు నెలలకు, అమ్మ దాన్ని విప్పించి బావి పక్కన తన చేత్తోనే జామచెట్టు వేసింది.