పిల్లి పెట్టే తంటాలు: లక్షణం, కారణం, పరిష్కారం

మా ఇంట్లో రెండు పిల్లులు. చింటూ మగది, పసుపు చారలది, ఆరేళ్ళు. మల్లి ఆడది, తెల్లది, మూడేళ్ళు. ఉండేది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. ఈ ఆరేళ్ళలో పరుపు తడిసింది, సోఫా చిరిగింది, తెల్లవారుజాము నిద్ర చెడింది. ఎప్పుడు ఏది జరిగినా చుట్టుపక్కల వాళ్ళు చెప్పే మాట ఒక్కటే: "పిల్లి పగబట్టింది." పిల్లికి పగ తెలీదు. నొప్పి తెలుసు, భయం తెలుసు, ఆకలి తెలుసు, వాసన తెలుసు. అందుకే ఏ తంటా వచ్చినా ముందు దాని ఒళ్ళు చూస్తాను, తర్వాత చోటు, ఆ తర్వాత మా అలవాట్లు. మీరూ అదే వరసలో వెతకండి.

తొట్టి వదిలి పరుపు మీద పోస్తోంది

తెలిసినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. విసిగిపోయి పిల్లిని ఎక్కడో వదిలేసి వచ్చేది కూడా దీనివల్లే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక సాయంత్రం చింటూ లిట్టర్ ట్రేలోకి (పిల్లి దొడ్డికి, మూత్రానికి ఇసుకలాంటి లిట్టర్ పోసి ఉంచే తొట్టి) వెళ్ళడం, కూర్చోవడం, ముక్కడం, లేచి రావడం, మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. గంటలో ఏడెనిమిది సార్లు. మధ్యమధ్యలో కింద నాక్కుంటున్నాడు. ఒకసారి బాత్రూమ్ గచ్చు మీద కూర్చుని సన్నగా అరిచాడు. "మలబద్ధకమేమోనే, కాస్త నెయ్యి నాకించు" అంది అమ్మ. నేనూ అదే అనుకుని గరిటెతో లిట్టర్ కదిపి చూశాను. పోసినచోట లిట్టర్ ఉండ కడుతుంది కదా, పొద్దుటి నుంచి ఒక్క ఉండ లేదు. దొడ్డికి మాత్రం మామూలుగానే వెళ్ళాడు. ఆగిపోయింది మూత్రమని అప్పుడు అర్థమైంది. రాత్రి పదింటికి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. నాళంలో ఇసుకలాంటి స్ఫటికాలు అడ్డుపడ్డాయి. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి తీశారు. మూడు రోజులు అక్కడే ఉంచారు.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అడ్డుపడితే బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుపోయి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోతుంది. మగపిల్లి పదేపదే కూర్చుంటున్నా చుక్క రావడం లేదంటే పొద్దున చూద్దాంలే అని ఆగకండి, ఆ రాత్రే తీసుకెళ్ళండి. ఆడపిల్లుల్లో ఇలా అడ్డుపడటం అరుదు. కానీ కొంచెం కొంచెంగా చాలాసార్లు పోయడం, అందులో రక్తం కనబడటం వాటికీ వస్తుంది. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రాళ్ళు కావచ్చు, ఒక్కోసారి ఉట్టి బెదురు కూడా కావచ్చు. ఇంటికి చుట్టాలు దిగినా, పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మొదలైనా కొన్ని పిల్లులకు మూత్రాశయం వాస్తుంది. ట్రేలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుడితే, నొప్పి ఆ ట్రేలోనే ఉందని పిల్లి అనుకుంటుంది. అందుకే మెత్తటి చోటు వెతుక్కుంటుంది, పరుపు ఎక్కుతుంది.

నీళ్ళ సంగతీ ఇక్కడే చెప్పాలి. ఇంటి పిల్లి పూర్వీకులు ఎండు నేలల్లో బతికిన అడవిపిల్లులు. నీటి కోసం అవి ఎక్కువగా తిన్న మాంసం మీదే ఆధారపడేవి. గిన్నె దగ్గరికి వెళ్ళి కడుపునిండా తాగే అలవాటు ఈ జాతికి తక్కువ. పొడి గింజల మేత మాత్రమే పెడితే ఒంట్లో నీరు చాలదు. చింటూకి ఇప్పుడు రోజూ ఒక పూట తడి ఆహారం పెడుతున్నాను. వెడల్పాటి గిన్నెల్లో నీళ్ళు మూడు చోట్ల ఉంచుతాను, అన్నం గిన్నెకు దూరంగా. ఎండాకాలంలో రెండుసార్లు మారుస్తాను.

ఒంట్లో ఏమీ లేదని డాక్టరు చెబితే, అప్పుడు చోటు చూడండి. మన ఇళ్ళలో మొదట అనుమానించాల్సింది ఫినాయిల్. ట్రే చుట్టూ గచ్చు రోజూ ఫినాయిల్‌తో తుడుస్తాం, ఇంకొందరు ట్రేనే దాంతో కడుగుతారు. ఆ ఘాటుకు మనకే ముక్కు మండుతుంది, పిల్లి అటు అడుగు ఎలా పెడుతుంది? ఘాటుతో పోయేది కాదు, ప్రమాదం కూడా ఉంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి గచ్చు మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, విషం లోపలికి పోతుంది. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలినాల్ కూడా ఆ జాతిదే. జ్వరం మాత్ర పారాసిటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. సింకుల్లో, బీరువాల్లో వేసే కలరా ఉండలు కూడా విషమే. మా ఇంట్లో పనికి వచ్చే అక్కకు ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పాను. ట్రేకి గిన్నెల సబ్బు, వేడినీళ్ళు. గచ్చుకు ఉట్టి నీళ్ళు, మరకలుంటే కొంచెం సబ్బు. అంతే.

ఇక ట్రే. దుకాణాల్లో అమ్మేవి చాలావరకు చిన్నవి. ముక్కు నుంచి తోక మొదలు వరకు పిల్లి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. నేను బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బు కొని, ఒక పక్క అంచు కిందికి కోయించాను. లిట్టర్ రెండంగుళాల లోతు. సువాసన కలిపిన లిట్టర్ మన ముక్కు కోసం చేసింది, పిల్లికి వద్దు. ట్రేలు పిల్లుల లెక్కకు ఒకటి ఎక్కువ: రెండు పిల్లులుంటే మూడు, మూడూ మూడు చోట్ల. వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి. కూర్చున్న వేళకే అది గడగడలాడితే పిల్లి మళ్ళీ ఆ పక్కకు రాదు. ఉండలు రోజుకు రెండుసార్లు ఎత్తేయాలి.

తడిసిన పరుపును రుద్దకండి, గుడ్డతో అద్ది తడి పీల్చండి. ఆ తర్వాత పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ బాగా పోసి, దానంతట అది ఆరనివ్వండి. అమోనియా ఉన్న క్లీనర్లు వాడితే ఆ వాసన మూత్రం వాసనలాగే ఉండి, పిల్లి మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఒక తేడా గమనించండి. కూర్చుని పోస్తే పైన చెప్పినవి. నిలబడి, తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ గోడ మీదికి చిమ్మితే అది హద్దు గుర్తు. ఎక్కువగా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయని మగపిల్లి చేసే పని. ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో ఆగిపోతుంది.

రాత్రంతా ఏడుస్తోంది, నేల మీద దొర్లుతోంది

ఆడపిల్లి, ఐదారు నెలలు దాటింది, ఆపరేషన్ కాలేదు. ఇక వేరే కారణం వెతకక్కర్లేదు, ఎదకు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు అపశకునమని కంగారుపడతారు. మల్లి మొదటిసారి అలా అరిచినప్పుడు మా అత్తగారు దీపం పెట్టి దండం పెట్టుకున్నారు. "అత్తయ్యా, దానికి పిల్లలు కావాలనిపిస్తోంది, అంతే" అన్నాక నెమ్మదించారు. తోడు దొరక్కపోతే రెండు మూడు వారాలకోసారి మళ్ళీ వస్తుంది. దొరికితే రెండు నెలల్లో నాలుగైదు కూనలు. ఐదు నెలలు నిండేసరికి ఆపరేషన్ చేయించండి. మగపిల్లికైనా అంతే.

తెల్లవారుజామున నాలుగింటికి మొహం మీదికి ఎక్కుతోంది

పిల్లి వేటాడే వేళ సంధ్య: పొద్దు వాలేటప్పుడు, తెల్లవారేటప్పుడు. దాన్ని మనం మార్చలేం. మార్చగలిగేది మన స్పందన. చింటూ మొదట్లో నా జుట్టు లాగేవాడు. పడుకోనివ్వడం లేదని లేచి గుప్పెడు మేత వేసేదాన్ని. అలా వారం గడిచేసరికి జుట్టు లాగితే అన్నం వస్తుందని నేర్చుకున్నాడు. నేర్పింది నేనే.

పిల్లి ఒంట్లో ఒక వరస ఉంది: వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర. రాత్రి పదింటికి ఒక కర్రకు ఈక కట్టి పదిహేను నిమిషాలు పరిగెత్తించండి, ఆయాసపడే దాకా. చివరికి ఈక దానికి దొరకనివ్వండి. వెంటనే ఆ రోజు ఆఖరి అన్నం పెట్టండి. నాలుగింటికి వస్తే కదలకండి, మాట్లాడకండి, తిట్టనూవద్దు. మొదటి వారం ఇంకా ఎక్కువ చేస్తుంది, అక్కడ ఓడిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. మాకు పద్దెనిమిది రోజులు పట్టింది.

ముసలి పిల్లి ఉన్నట్టుండి రాత్రుళ్ళు అరవడం మొదలుపెడితే అది వేరు. థైరాయిడ్, బీపీ, కిడ్నీ పరీక్షలు చేయించండి.

సోఫా చీలికలు పేలికలు చేస్తోంది

గీరడం దాని ఒంటికి అవసరం. గోటి మీది పాత పొర ఊడాలి, వెన్ను సాగాలి, పాదాల్లోని గ్రంథుల వాసన అక్కడ అంటాలి. ఆపలేం, చోటు మార్చగలం. మూడడుగుల ఎత్తు కర్ర తీసుకుని బరువైన చెక్క పలక మీద బిగించి, చుట్టూ కొబ్బరి తాడు గట్టిగా చుట్టండి. ఊగితే పిల్లి ముట్టదు. దాన్ని ఏ మూలో పెట్టకండి, గీరుతున్న సోఫా చేతి పక్కనే నిలబెట్టండి. ఆ సోఫా మూలకు కొన్నాళ్ళు రెండు వైపులా జిగురుండే వెడల్పాటి టేప్ అంటించండి, ఆ జిగురు పాదాలకు నచ్చదు. తాడు అలవాటయ్యాక రోజుకు జానెడు చొప్పున పక్కకు జరపండి. గోళ్ళు రెండు వారాలకోసారి తెల్లటి కొస వరకే కత్తిరించాలి. లోపల గులాబీ రంగులో కనిపించేది నరం, రక్తం ఉండే చోటు. వేళ్ళ కొసలు కోసి గోళ్ళు పీకేయించే ఆపరేషన్ ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

దారం మింగింది

దీని గురించి తెలుగిళ్ళలో గట్టిగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే మన ఇంట్లో దారం లేని రోజు లేదు. మల్లెదండ, కనకాంబరాల మాల, సంక్రాంతికి మాంజా. ఒక శుక్రవారం దేవుడి పటానికి వేసిన మల్లెదండ కింద పడి ఉంది. మల్లి దాన్ని పాదంతో నొక్కిపట్టి, పూలు ఒక్కొక్కటే తెంపి పక్కన పెట్టి, దారం నమలడం మొదలుపెట్టింది. చూడ్డానికి ముద్దుగానే ఉంది. కానీ పిల్లి నాలుక మీద ముళ్ళన్నీ గొంతు వైపు తిరిగి ఉంటాయి. దారం ఒకసారి నాలుక మీదికి వస్తే ఉమ్మలేదు, మింగడమే. లోపల ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే పేగు దాని మీదికి ముడతలు పడిపోతుంది, దారం పేగును కోస్తుంది.

నోట్లోంచో వెనకనుంచో దారం కొస వేలాడుతుంటే లాగకండి. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మింగిన రెండు రోజుల్లో వాంతులు, అన్నం ముట్టకపోవడం కనబడితే ఎక్స్‌రే, స్కాన్ అడగండి. మా ఇంట్లో ఇప్పుడు వాడిన దండలు మూత ఉన్న చెత్తడబ్బాలోకే వెళ్తాయి.

పూల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన బజార్లో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ వేరు. బొకేల్లో వచ్చే, బూరలా విచ్చుకునే పెద్ద లిల్లీలు మాత్రం పిల్లికి విషం. పుప్పొడి ఒంటి మీద పడి నాక్కున్నా కిడ్నీలు పోతాయి. ఎవరైనా ఆ బొకే తెస్తే గుమ్మం దగ్గరే ఆపండి.

కక్కుతోంది

కక్కింది చూడండి. వేలంత పొడుగ్గా వెంట్రుకల ముద్ద ఉంటే, నాక్కున్న బొచ్చు. వారానికి రెండు మూడుసార్లు దువ్వితే తగ్గుతుంది, బట్టలకు అంటుకునేదీ తగ్గుతుంది. తిన్న పది నిమిషాలకే మేత మేతలాగే బయటపడితే, గబగబా తిన్నది. వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి పెట్టండి, రెండు పిల్లులుంటే వేర్వేరు గదుల్లో. వారంలో రెండు మూడుసార్లు కక్కుతున్నా, బరువు తగ్గుతున్నా డాక్టరు చూడాల్సిందే.

పెరుగన్నం తింటోంది కదా, ఇంకేం కావాలి?

ఇది లక్షణంలా కనిపించదు, అందుకే ఎక్కువ నష్టం చేస్తుంది. పిల్లి మాంసాహారి, దానికి వేరే దారి లేదు. గుండెకు, కంటికి కావాల్సిన టారిన్ అనే పోషకం దాని ఒంట్లో చాలినంత తయారు కాదు, మాంసంలోంచే రావాలి. టారిన్ తక్కువైతే పిల్లి గుండె సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. శాకాహార కుటుంబమైతే మీ వంటగదిలో ఉడికించక్కర్లేదు, పిల్లుల కోసం చేసిన మేత ప్యాకెట్ కొనండి. కూరలో ముక్కలు కడిగి పెడతాం అంటారు కొందరు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి, కడిగితే పోవు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. నీళ్ళు చాలు.

చేయి కొరుకుతోంది

కూనగా ఉన్నప్పుడు వేళ్ళు ఆడించి కొరికించుకున్న ఇళ్ళలోనే ఇది ఎక్కువ. చేతిని ఎప్పుడూ బొమ్మ చేయకండి. నిమురుతుండగా తోక టపటపా కొట్టుకున్నా, చెవులు వెనక్కి వాలినా చేయి తీసేయండి, అది చాలని చెబుతోంది. రేబిస్ టీకా ఏటా వేయించండి. కరిచినా రక్కినా సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, మీరూ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బల్లిని తెచ్చి మంచం మీద పెడుతోంది

వేట దాని పుట్టుక. తిట్టకండి. కాగితంతో తీసేసి, రాత్రి ఈక ఆట ఇంకాసేపు ఆడించండి.

డాక్టరు దగ్గరికి అనేసరికి మంచం కిందికి దూరుతోంది

పిల్లిని పెట్టి తీసుకెళ్ళే బుట్ట, క్యారియర్, ఏడాదికి ఒకసారి అటక మీంచి దిగితే పిల్లికి అది సూది బుట్టే. మేం దాన్ని హాల్లో కిటికీ కింద, తలుపు తీసి, పాత నేత చీర పరిచి వదిలేశాం. మొదటి పది రోజులు ఇద్దరూ దూరం నుంచి వాసన చూశారు. తర్వాత లోపల నాలుగు మేత గింజలు వేశాను. ఇప్పుడు మధ్యాహ్నం ఎండ అటు పడే వేళకు మల్లి అందులోనే ముడుచుకుని పడుకుంటుంది, చింటూ దాని వంతు అయ్యే దాకా బయట కూర్చుంటాడు.