పక్క గదిలో గురక తేడాగా వినిపిస్తే

పక్కన మనిషి డ్రగ్ ఓవర్‌డోస్‌తో, అంటే మోతాదు మించి, పడిపోతే ఏం చేయాలన్న ఈ పోస్టు అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకీ, వాళ్ల రూమ్మేట్లకీ, ఇక్కడే హైస్కూలు పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలకీ. "మనవాళ్లు డ్రగ్స్ ముట్టుకోరండీ" అనేవాళ్లు ముందు ఒక సంగతి వినండి. 2022 మేలో కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరు చనిపోయారు. అప్పుడు యూనివర్సిటీ పంపిన హెచ్చరిక హెరాయిన్ గురించి కాదు, ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు కలిసిన నకిలీ ఆడరాల్ బిళ్లల గురించి. ఆడరాల్ అంటే పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవడానికి ఒకరి దగ్గర ఒకరు అడిగి వేసుకునే బిళ్ల. డ్రగ్స్ అలవాటు లేని పిల్లాడు కూడా "ఒక్కటేగా" అని వేసుకునే రకం.

ఫెంటనిల్ హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు ఘాటు. 2 మిల్లీగ్రాములు, అంటే పది పదిహేను ఉప్పు పలుకులంత, ప్రాణం తీయడానికి చాలు. దొంగ బిళ్లలు చేసేవాడు ఏదో షెడ్డులో పొడి కలిపి అచ్చు కొడతాడు, పొడి అన్నిట్లో సమానంగా కలవదు, అందుకే ఒకే కవర్లోంచి వేసుకున్న ఇద్దరిలో ఒకడికి ఏమీ కాదు, రెండోవాడు లేవడు. అమెరికా డ్రగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లు 2024లో ల్యాబ్‌లో చూసిన ఫెంటనిల్ నకిలీ బిళ్లల్లో 10కి 5 బిళ్లల్లో ప్రాణం తీయగల మోతాదు ఉంది. అంతకుముందు ఏడాది 10కి 7. బిళ్లని చూసి అసలుదో నకిలీదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఫార్మసీలో మీ పేరు మీద ఇచ్చిన సీసాలోది తప్ప ఇంకేదీ నమ్మొద్దు. స్నాప్‌చాట్‌లో దొరికింది అసలే వద్దు.

అసలు నేను రాయాలనుకున్నది నివారణ గురించి కాదు, దాని గురించి అందరూ చెబుతారు. 2019 జులై నుంచి 2021 చివరి దాకా ఓవర్‌డోస్‌తో పోయిన 10-19 ఏళ్ల పిల్లల మీద అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక పరిశీలన చేసింది. మూడింట రెండొంతుల కేసుల్లో దగ్గర్లో ఇంకొకరున్నారు. అయినా చాలావాటిలో ఎవరూ ఏమీ చేయలేదు, ఎందుకంటే పక్క గదిలో ఉన్నారు, లేదా నిద్రపోతున్నాడనుకున్నారు. ఆ పక్క గదిలో మనిషి మీరే అయితే ఏం చేయాలన్నదే ఈ పోస్టు.

ముందు ఇవాళే ఒక నార్కాన్ డబ్బా కొనండి. ఫెంటనిల్ లాంటి వాటికి విరుగుడు, నలోక్సోన్ అనే మందు, ముక్కులో కొట్టే స్ప్రే. 2023 సెప్టెంబర్ నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది, రెండు స్ప్రేల డబ్బా సుమారు 45 డాలర్లు. చాలా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లు, క్యాంపస్ హెల్త్ సెంటర్లు ఉచితంగానే ఇస్తాయి, అడగడానికి మొహమాటపడొద్దు. బీరువాలో దాచకుండా ఫ్రిజ్ మీద, అందరికీ కనిపించేలా పెట్టండి. ఒక్కో స్ప్రేలో ఒక్క మోతాదే ఉంటుంది. కొత్తలో నేను పనిచేస్తుందో లేదో చూద్దామని నొక్కి ఇరవై డాలర్ల మందు వంటగది గాల్లో కలిపాను, మీరు ఆ పని చేయకండి.

గుర్తుపట్టడం ఎలా? తాగి పడుకున్నవాడు తిట్టుకుంటూనైనా కదులుతాడు. ఓవర్‌డోస్ అయినవాడు కదలడు. పేరు పెట్టి గట్టిగా పిలవండి, రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దండి. ఊపిరి చూడండి: చాలా నెమ్మదిగా, మధ్యలో ఆగి ఆగి, గొంతులో నీళ్లున్నట్టు గరగరమంటూ ఉంటుంది. దాన్నే చాలామంది గురక అనుకుని తలుపేసి వెళ్లిపోతారు. కనుపాపలు గుండుసూది మొనంత అయిపోతాయి. పెదాలు నీలంగా మారతాయని అన్నిచోట్లా రాస్తారు గానీ మన చామనఛాయ ఒంటి మీద ఆ నీలం అంత తేలిగ్గా కనిపించదు, బూడిద రంగులోకి పాలిపోతుంది. పెదాల లోపలివైపు, గోళ్లు చూడండి.

అనుమానమొస్తే చాలు, 911కి కొట్టండి. ముందు అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, తర్వాత "నాట్ బ్రీతింగ్". ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన ఉంచండి, కట్ చేయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం వెనక్కి వంచండి, స్ప్రే ముక్కుగొట్టాన్ని మీ వేళ్లు అతని ముక్కుకి తగిలేదాకా ఒక రంధ్రంలోకి పెట్టి బొటనవేలితో పూర్తిగా నొక్కండి. తర్వాత ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదండి, 5 సెకన్లకొకటి, ఛాతీ పైకి లేస్తోందో లేదో చూస్తూ. ఆపరేటర్ ఛాతీ నొక్కమంటే నొక్కండి. 2-3 నిమిషాల్లో ఊపిరి తేరుకోకపోతే రెండో స్ప్రే, రెండో రంధ్రంలో. అతను వేసుకున్నది ఫెంటనిల్ కాకపోతే? కాకపోయినా నార్కాన్ వల్ల హాని లేదు, కాబట్టి ఆలోచిస్తూ కూర్చోకండి.

మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు ఏవీ నోట్లో పోయొద్దు. తాగినవాడికి మన హాస్టళ్లలో చేసే వైద్యమంతా ఇక్కడ పనికిరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్ల షవర్ కింద కూర్చోబెట్టొద్దు. "పొద్దున్నకి దిగిపోతుందిలే" అని దుప్పటి కప్పడం అన్నిటికంటే ఘోరం.

ఇక అసలు భయం. పోలీసులు, వీసా, అంబులెన్స్ బిల్లు. చాలా రాష్ట్రాల్లో గుడ్ సమారిటన్ చట్టాలున్నాయి, సాయం కోసం ఫోన్ చేసినవాళ్లనీ పడిపోయినవాళ్లనీ కొద్దిపాటి డ్రగ్స్ దగ్గరున్న నేరం నుంచి కాపాడతాయి, ఎంతవరకన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మీ రాష్ట్రంలో ఎలా ఉందో ఇవాళ తీరిగ్గా చదివి పెట్టుకోండి, ఆ రాత్రి గూగుల్ చేయడానికి టైముండదు. వీసా గురించి పూచీ నేనివ్వలేను. లాయర్‌తో తర్వాత మాట్లాడుకోవచ్చు, బిల్లు నెలనెలా కట్టుకోవచ్చు. ఊపిరి ఆగాక మెదడుకి ఉండేది మాత్రం కొద్ది నిమిషాలే.

లేచాక అతను థాంక్స్ చెప్పడు. చెమటలు, వాంతులు, చిరాకు, "ఎవరు పిలవమన్నారు నిన్ను" అని అరుపులు. ఇంటికెళ్లి పడుకుంటానంటాడు. పంపించొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి దగ్గరే కూర్చోండి. నలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే, ఒంట్లో ఫెంటనిల్ ఇంకా ఉంటే మందు దిగాక మళ్లీ ఊపిరి ఆగొచ్చు, అందుకే అంబులెన్స్ వచ్చేదాకా కబుర్లు చెబుతూనో తిట్లు తింటూనో కూర్చోవాల్సిందే. వచ్చినవాళ్లకి ఎన్ని స్ప్రేలు, ఎన్ని గంటలకి కొట్టారో చెప్పండి. మిగిలిన బిళ్లలుంటే అవీ చూపించండి.

మర్నాడు కొత్త డబ్బా తెచ్చి అదే ఫ్రిజ్ మీద పెట్టి, ఎక్కడుందో రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టండి.