అయోడిన్ నీళ్లలో ఎంత, గాల్లో ఎంత? స్టోర్‌రూమ్‌లో వేసుకోవాల్సిన లెక్క

ఓ మే నెలలో మా కాలేజీ కెమిస్ట్రీ స్టోర్‌రూమ్‌లో పది లీటర్ల అయోడిన్ నీళ్ల క్యాను మూత సరిగా పడకుండా ఉండిపోయింది. రెండు రోజుల సెలవు తర్వాత తలుపు తీస్తే కళ్లు, ముక్కు మండిపోయాయి. "నీళ్లు తేటపడ్డాయి మేడమ్, ఇంక పారబోయొచ్చు" అన్నాడు మా అటెండరు. ఆ రంగు ఎటు పోయిందో అతనికి కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇది.

ముందు నిష్పత్తి తేల్చుకోండి: లీటరు నీళ్లలో ఉండే అయోడిన్ లీటరు గాల్లో ఉండేదానికి ఎన్ని రెట్లో. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో అయోడిన్ దాదాపు 330 మిల్లీగ్రాములకు మించి కరగదు. అదే వేడిలో అయోడిన్ పలుకుల ఆవిరి పీడనం 0.31 మిల్లీమీటర్ల పాదరసం. అంటే లీటరు గాలి 4.2 మిల్లీగ్రాములు పట్టుకుంటుంది. భాగిస్తే సుమారు 80. బీఎస్సీలో నీటికీ కార్బన్ టెట్రాక్లోరైడ్‌కీ మధ్య అయోడిన్ పంపకం చేసినవాళ్లు, టెట్రాక్లోరైడ్ స్థానంలో గాలిని ఊహించుకుంటే చాలు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నీళ్లలో 80 పాళ్లు, గాల్లో ఒక పాలు, భయం లేదంటారు. అది లీటరుకు లీటరు పోల్చిన మాట. గదిలో గాలి ఎంతుందో చూడాలి కదా! మా గది 30 ఘనపు మీటర్లు, క్యానులో నీళ్లు 0.01 ఘనపు మీటరు. లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున క్యానులో మొత్తం ఒక గ్రాము అయోడిన్ ఉందనుకుందాం. నీళ్లు తమకు 80 రెట్ల గాలితో సమానం కాబట్టి, నీళ్ల పరిమాణాన్ని 80తో గుణిస్తే 0.8; దానికి గది 30 కలిపితే 30.8. వెయ్యి మిల్లీగ్రాములను 30.8తో భాగించండి. ఘనపు మీటరు గాలిలో 32 మిల్లీగ్రాములు! నూటికి 97 పాళ్లు గాల్లోకే పోయింది. అమెరికాలో పని భద్రత సంస్థ ఓషా, పనిచేసేచోట ఏ క్షణంలోనూ దాటకూడదన్న హద్దు 0.1 పీపీఎమ్ (గాలిలో పది లక్షల పాళ్లకు 0.1 పాలు), అంటే ఘనపు మీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము. 2 పీపీఎమ్, అంటే సుమారు 21 మిల్లీగ్రాములు, ప్రాణానికే ప్రమాదమని అక్కడి పని భద్రత పరిశోధన సంస్థ నియోష్ లెక్క. గాలి ఆడితే, గోడలకు కొంత అంటుకుంటే అంత రాదు. అయినా భద్రత లెక్క మొదలుపెట్టాల్సింది ఈ గరిష్ఠం నుంచే.

అదే క్యాను మూత బిగించి, పైన లీటరు ఖాళీ వదిలితే? పది లీటర్ల నీళ్లు 800 లీటర్ల గాలితో సమానం, కాబట్టి ఎనిమిది వందల్లో ఒక వంతే పైకి వస్తుంది. అందుకే నేను మూత గురించి అంతగా పోరు పెడతాను.

ఎండాకాలానికి నిష్పత్తి మార్చుకోవాలి. 40 డిగ్రీల దగ్గర అది దాదాపు సగానికి పడిపోతుంది.

ద్రావణంలో పొటాషియం అయోడైడ్ ఉంటే అయోడిన్ ట్రైఅయోడైడ్‌గా మారి నీళ్లలోనే కట్టుబడుతుంది. లీటరుకు 0.1 మోల్ అయోడైడ్ ఉంటే విడి అయోడిన్ సుమారు 71లో ఒక వంతే. నిష్పత్తి 80 నుంచి 5,700 దాకా పెరుగుతుంది. మా గదిలో మళ్లీ లెక్క వేస్తే ఘనపు మీటరుకు 11 మిల్లీగ్రాములు చిల్లర. చాలా తగ్గింది, కానీ హద్దు కంటే ఇంకా పది రెట్లు పైనే. అయోడైడ్ కలిపిన టైట్రేషన్ ద్రావణాన్ని కూడా మూత తీసి ఉంచవచ్చనుకోకండి.

మిగిలిన అయోడిన్‌ని హైపోతో (సోడియం థయోసల్ఫేట్) అయోడైడ్‌గా మార్చి చంపేయాలి. గ్రాము అయోడిన్‌కు దాదాపు రెండు గ్రాముల హైపో స్ఫటికాలు. కొంచెం ఎక్కువే వేసి, స్టార్చ్ చుక్కతో నీలం రాలేదని చూసుకోండి. అయోడైడ్‌గా మారినది ఆవిరి కాదు. ఆ నీళ్లలో యాసిడ్, బ్లీచింగ్ మాత్రం కలపొద్దు: అయోడైడ్ మళ్లీ అయోడిన్‌గా లేచి వస్తుంది. అణువిద్యుత్ కేంద్రాల భద్రత లెక్కల్లో ప్రమాదం జరిగినప్పుడు చేరే నీళ్లు ఆమ్లంగా మారకుండా, పీహెచ్ 7కి తగ్గకుండా చూడమనేది కూడా ఇదే భయంతో.

ఆ రోజు అటెండర్ని బయటికి పంపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, గంటసేపు ఎవర్నీ లోపలికి వెళ్లనివ్వలేదు. ఆ తర్వాతే క్యానులో హైపో పోశాం.