అప్పు చరిత్ర లేనివారు క్రెడిట్ స్కోరు పెంచుకునే మార్గం
ఇంతవరకు ఎక్కడా అప్పు తీసుకోనివారికి కార్డు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి కాబట్టి, కొంత సొమ్ము డిపాజిట్ చేసి, దాని హామీపై సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకోవడం తేలికైన మార్గం. అయితే ఆ చెల్లింపుల వివరాలు క్రెడిట్ బ్యూరోకు (అప్పుల చెల్లింపుల వివరాలు సేకరించి స్కోరు లెక్కించే సంస్థకు) చేరతాయో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. చేరకపోతే ఎంత క్రమం తప్పక కట్టినా ఫలితం ఉండదు. చాలామంది గమనించనిది ఏమిటంటే, గడువులోగా పూర్తిగా కట్టేవారి విషయంలో కూడా, బిల్లు తయారైన రోజున ఉన్న బాకీయే సాధారణంగా బ్యూరోకు వెళ్తుంది. ఆ బాకీ కార్డు పరిమితిలో ఎక్కువ భాగంగా కనిపిస్తే స్కోరు తగ్గవచ్చు. అందువల్ల 20,000 రూపాయల పరిమితి ఉన్న కార్డుపై 15,000 వాడినట్లయితే, బిల్లు తయారు కాకముందే చాలావరకు కట్టేసి, బాకీని పరిమితిలో 30 శాతం లోపుకు, అంటే 6,000 కంటే తక్కువకు, దించుకోవడం మంచిది. స్కోరు పెరగాలంటే కొంత బాకీ మిగిల్చి వడ్డీ కట్టాలన్న ప్రచారాన్ని మాత్రం నమ్మనక్కరలేదు.